కరుణమ్మ పంపిన ఏడు నిమిషాలు

మా సంఘంలో ఎవరూ కష్టాన్ని తిన్నగా చెప్పరు. బర్రె చచ్చిపోయినవాడు కూడా ముందు బతికున్న దూడకు స్తోత్రం చెబుతాడు, కురిసిన వానకు స్తోత్రం చెబుతాడు, అల్లుడికి దొరికిన ఉద్యోగానికి స్తోత్రం చెబుతాడు. చివర్లో "ఇగ బర్రె సంగతి మీకెరికే గదా" అని గొంతు సవరించుకుంటాడు. పెద్దలు నేర్పిన వరుస అది. ముందు దేవుడు చేసిన మేలు, తర్వాత మన బాధ. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆ వరుస తప్పినవాళ్ళను నేను చూడలేదు. అందుకని మా వాళ్ళ నోట అసలు సంగతి వినాలంటే ఓపిక కావాలి. నా దగ్గర లేనిదల్లా అదే.

నా పేరు ఎజ్రా. చిన్న మంగళారంలో మా ప్రార్థన మందిరానికి ఆరేళ్ళుగా కార్యదర్శిని. పొట్టకూటికి మొయినాబాద్ దగ్గర ఒక ఫామ్‌హౌస్‌లో మేనేజర్ని. పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు, పట్నం వాళ్ళ శనివారం సంబరాలు అన్నీ నా నెత్తి మీదే జరుగుతాయి. మందిరంలో నా పని పెద్దదేం కాదు. ఎవరికి ఏం ప్రార్థన కావాలో శనివారం లోపల పోగుచేసి, కాగితం మీద రెండు భాగాలుగా రాసి, ఆదివారం చదవాలి. పైభాగం స్తోత్రాలు. వాటికి అందరూ ఒకసారి ఆమెన్ అంటారు, అయిపోతుంది. కింది భాగం విన్నపాలు. అందులో పేరున్న వాళ్ళ ఇంటికి ఆ సాయంత్రమే ఇద్దరు పెద్దలు వెళ్ళి కూర్చుంటారు, ఏం కావాలో చూస్తారు. పేరు పైన రాయాలా కింద రాయాలా అన్నది నా చేతిలో ఉంటుంది.

కరోనా రోజుల్లో మందిరం మూసినప్పుడు అందరూ నాకు వాయిస్ మెసేజ్‌లు పంపడం మొదలుపెట్టారు. కరోనా పోయింది, మెసేజ్‌లు పోలేదు. శనివారం వచ్చిందంటే పాతిక, ముప్పై. ఒక్కొక్కటి ఐదారు నిమిషాలు. మధ్యలో కుక్కర్ కూస్తుంది, కోడి అరుస్తుంది, ఒకాయన రికార్డింగ్ ఆపకుండానే మేకను తిట్టి మళ్ళీ ప్రార్థనలోకి వస్తాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అన్నారా!

పోయిన దసరాకు కొత్త ఫోన్ కొన్నాను. ఎవరైనా మాటలు పంపితే అదే విని రెండు వరుసల్లో సారాంశం రాసి పెడుతుంది. కింద మూడు జవాబులు కూడా తయారుగా ఉంచుతుంది. ఒకదాని మీద వేలు పెడితే మన పేరుతో వెళ్ళిపోతుంది. అంతా తెలుగులోనే. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు నేను మొదటి నెలంతా అదే పనిగా ఉన్నాను. మూడు గంటల పని పది నిమిషాల్లో తెమిలింది.

నా భార్య జెన్నీ ఒకసారి అడిగింది. "ఒక్కటన్న ఇనవా?"

"అన్నీ ఈ ఫోన్లనే ఉన్నయి. చదువుకుంటున్న గదా."

"వాళ్ళు చెప్పుకునేది నీకు. దీనికి గాదు."

"ఇయ్యాల రేపు ఎవరికి టైమున్నది జెన్నీ? అందరు గిట్లనే చేస్తున్నరు," అన్నాను. ఆమె చేటలో బియ్యం వైపు తిరిగింది. ఆ నెలలోనే మా పాస్టర్ సాలోమోను గారు పీఠం మీద నుంచి, మన ఎజ్రా జాబితా ఎంత క్రమంగా తయారుచేస్తున్నాడో చూడండి అని మెచ్చుకున్నారు. నేను తల వంచుకుని కూర్చున్నాను. వినయమనుకున్నారు జనం. లోపల పొంగిపోతున్నాను.

ఇక కరుణమ్మ. అరవై దాటిన మనిషి, భర్త లేడు. ఒక్కతే కూతురు కృపాజ్యోతి, షాబాద్‌లో కాపురం. కరుణమ్మ ఊరి బయట గులాబీ తోటలో పూలు కోసే కూలికి పోతుంది. మా అమ్మా, ఆమే ఒకప్పుడు ఒకే బండిలో పక్కనున్న ప్రొద్దుటూరుకు టమాటలు తెంపడానికి పోయేవాళ్ళు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా అమ్మ పోయింది. పదో తరగతి పరీక్షలు అయ్యేదాకా కరుణమ్మ వండి పెట్టిన అన్నం తినే చేవెళ్లకు బస్సెక్కాను. చిన్నమ్మా అని పిలుస్తాను. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, నేను ఎవరి మాట వినలేదో మీకు తెలియాలని.

ఆగస్టులో ఒక శనివారం మధ్యాహ్నం. ఫామ్‌హౌస్‌లో పుట్టినరోజు విందు. పొద్దున్నుంచి ముసురు. షామియానా ఒక మూల కారుతోంది, వంటవాడు నా మీద అరుస్తున్నాడు, పుట్టినరోజు పిల్ల తండ్రి ఇంకా గట్టిగా అరుస్తున్నాడు. జేబులో ఫోన్ మోగింది. చూశాను. కరుణమ్మ, ఏడు నిమిషాల పద్నాలుగు సెకన్లు. కింద సారాంశం.

"కరుణమ్మ గారు వర్షాలకు, తోటలో పనికి, కూతురి కుటుంబ క్షేమానికి, తన ఆరోగ్యానికి దేవునికి కృతజ్ఞతలు తెలిపారు. సోమవారం మిమ్మల్ని కలవాలని అనుకుంటున్నారు."

దాని కింద మూడు జవాబులు. దేవునికి స్తోత్రం అని ఒకటి. క్షమించండి, వీలు కాదు అని ఒకటి. తప్పకుండా, సోమవారం వస్తాను అని ఒకటి. మూడోది మర్యాదగా ఉందనిపించి దాని మీద వేలు పెట్టాను. వెంటనే షామియానా దగ్గరికి పరుగెత్తాను. అంతే. నేను చేసింది అంతే.

ఆదివారం ఆమె పేరు పైభాగంలో చదివాను. అందరూ ఆమెన్ అన్నారు. ముందు వరుస చాప మీద, గోడ పక్కన ఆమె కూర్చునే చోటు ఖాళీగా ఉంది. చూడలేదని అబద్ధం చెప్పను, చూశాను. వాన కదా, రాలేదేమో అనుకున్నాను. సోమవారం మూడు పెళ్ళిళ్ళ వాళ్ళు ఫామ్‌హౌస్ చూసుకోవడానికి వచ్చారు. సోమవారం ఎవరికో ఏదో మాటిచ్చానన్నది నాకు గుర్తే లేదు.

గురువారం ఇంకో మెసేజ్ వచ్చింది ఆమె దగ్గర్నుంచి. చిన్నది. సారాంశం ఇట్లా ఉంది: "మీరు పనిలో ఉన్నారని కరుణమ్మ గారు అర్థం చేసుకున్నారు. తొందరేమీ లేదని చెప్పారు." జవాబుల్లో మొదటిది, ధన్యవాదాలు. వేలు పెట్టాను.

ఆ తర్వాతి గురువారం పొద్దున కృపాజ్యోతి ఫోన్ చేసింది. "అన్నా, అమ్మ పట్నం దవాఖానల ఉన్నది. నిన్న కాలు తీసేసిండ్రు. మోకాలు కింద నుంచి."

నాకు అర్థం కాలేదు. ఏ కాలు, ఎందుకు అని పిచ్చివాడిలా అడిగాను.

"కుడికాలు. గులాబి ముల్లు గుచ్చుకున్నదట, షుగర్ ఉన్నదాయె, చీము పట్టి పైకెక్కింది. మొన్న నేను వచ్చి చూస్తే ఒళ్ళు కాలిపోతున్నది, తెలివి లేదు. పది రోజుల ముందు తెస్తే వేలుతోని పోతుండె అన్నడు డాక్టర్." గొంతు తగ్గించి అడిగింది. "నీకు చెప్పిన అన్నది గదన్నా? నువ్వొస్తనన్నవ్ అని నన్ను రావద్దన్నది."

ఫోన్ పెట్టేసి, కుర్చీలు పేర్చిపెట్టే కొట్టులోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుని, ఆ ఏడు నిమిషాలూ విన్నాను. మొదటిసారి.

నాలుగు నిమిషాలు స్తోత్రాలే. వానకు, తోట యజమాని కొత్త చేతితొడుగులు ఇచ్చినందుకు, మనవరాలు నడక నేర్చినందుకు. తర్వాత అదే గొంతుతో, ఏమాత్రం మార్పు లేకుండా ఇట్లా అన్నది.

"కొడుకా, తోటల ముల్లు గుచ్చుకున్నది కుడికాలుకు. దానికి గూడ స్తోత్రం. వేలు నల్లగైంది గని నొప్పి తెలుస్తలేదు, అది గూడ దేవుని దయే. చేవెళ్ల దవాఖానకు పోదామనుకుంటున్న. ఆడ చీటీ రాయించుడు, ఏ రూముకు పోవాల్నో తెలుసుకునుడు నాకు రాదు. సోమవారం జర నాతోని వస్తవా? నువ్వొస్తనంటే కృపను పిలువ, దానికి చిన్నపిల్ల ఉన్నది. నీకు వీలుగాదంటే చెప్పు, ఏం తప్పు లేదు, దాన్నే రమ్మంట."

ఆ తర్వాత చివరి నిమిషం నా ఇద్దరు పిల్లల పేర్లు పెట్టి దీవించింది.

నొప్పి తెలియకపోవడం దయ అన్నది కాబట్టి ఫోన్ దాన్ని ఆరోగ్యానికి కృతజ్ఞత అని రాసుకుంది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఇంటికి వెళ్ళి జెన్నీ ముందు ఆ ఫోన్‌ను మంచం మీదికి విసిరాను. ఇది చేసిన పని చూడు, దీని మీద కేసు పెట్టాలి, దీన్ని తయారుచేసినవాణ్ణి నిలబెట్టి అడగాలి అని అరిచాను.

జెన్నీ ఫోన్ తీసుకుని, మెసేజ్ మొత్తం విన్నది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఈ ఫోను ఆమె చేతి అన్నం తిన్నదా? తిన్నోడివి నువ్వు," అన్నది. "ఆమె గొంతు నీకెరుక. ఒక్కసారి ఇంటే నాలుగు నిమిషాలు దాటినంక ఏదో ఉన్నదని నీకు తెలుస్తుండె. దానికేం తెలుసు?"

కోపం అక్కడితో చచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. పశ్చాత్తాపం అనే మాట మందిరంలో వెయ్యిసార్లు విన్నాను, నేనే చదివాను కూడా. అది గొంతులో అన్నం దగ్గర ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

దవాఖానకు వెళ్ళాను. వార్డులోకి నలుగురితో కలిసి వెళ్ళాను, ఒంటరిగా వెళ్ళే ధైర్యం లేక. ఆమె మత్తులో ఉంది. ఆ ఆదివారం విన్నపాల్లో మొదటి పేరు ఆమెదే రాశాను. తర్వాత ఒక పెద్దావిడ నా దగ్గరికి వచ్చి, "ఎజ్రా వస్తనన్నడు, పాపం ఏం పని వడ్డదో అని కరుణమ్మ అందరికి చెప్తున్నది బిడ్డా. నిన్ను ఒక్క మాట అననిస్తలేదు," అన్నది. గుమ్మడికాయల దొంగ అనకముందే నేను భుజాలు తడుముకుంటున్నాను. ఆమె నా తరఫున సాకులు వెతుకుతోంది. ఒక్క కాలుతో మంచం మీద పడుకుని నాకోసం సాకులు వెతుకుతోంది!

సాలోమోను గారి దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పాను. ఆయన మంచివాడు. అంతా విని ఇట్లా అన్నారు. "దేవుని దగ్గర ఒప్పుకున్నవ్. సరిపోతది. ఆమెకు చెప్పి ఏం లాభం ఎజ్రా? కాలు రాదు. నీకు పని వడ్డదనుకొని నిమ్మళంగ ఉన్నది. ఆ నిమ్మళం గూడ తీసెయ్యకు."

ఆ మాట పట్టుకుని పది రోజులు గడిపాను. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు చాలా సుఖంగా ఉంది. కానీ ఎక్కడికి పోయినా జనం నన్ను చూసి జాలిపడుతున్నారు, ఎంత పనో పాపం అని. ఆ జాలి మోయలేకపోయాను. ఆమె కోసం చెప్పానని ఎవరైనా అనుకుంటే అది అబద్ధం. నా బరువు దింపుకోవడానికే వెళ్ళాను.

ఆమె ఇంటికొచ్చి వారమైంది. పగటిపూట, పదకొండు గంటలు. కృపాజ్యోతి పిల్లను ఎత్తుకుని మందులకు మొయినాబాద్ వెళ్ళింది. కరుణమ్మ మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కాలు మీద దుప్పటి ఉంది. ఒకవైపు దుప్పటి కిందికి పడిపోయి చదునుగా ఉంది. నేను అటు చూడకుండా స్టూల్ లాక్కున్నాను.

"వచ్చినవా కొడుకా! కూసో. చాయ్ వెడ్దామంటే నేనేమో ఇట్లుంటి." నవ్వింది. "నీకు పని మీద పని వెట్టిన ఆ రోజు. మనసుల వెట్టుకోకు. శనివారాలు నీకు ఊపిరాడదని తెల్వక పంపిన."

"చిన్నమ్మా, నీకొక మాట చెప్పాలె."

"చెప్పు."

"ఆ సోమవారం నేను పని వడి ఆగింది గాదు. నువ్వు పంపింది నేను ఇనలే."

"ఇనకుంటే వస్తనని ఎట్లంటివి? నా ఫోను చదివి చెప్పింది గద. తప్పకుండ, సోమవారం వస్తాను అని. కృప వెట్టి ఇచ్చింది, ఒత్తితే చదువుతది, నాకు చదువు రాదని."

నేను ఫోన్ తీసి చూపించాను. సారాంశం అంటే ఏమిటో, కింద ఆ జవాబులు ఎక్కడి నుంచి వస్తాయో, వేలు ఎక్కడ పెట్టానో చెప్పాను. ఆమె నా వేలినే చూస్తోంది. చెబుతుంటే నాకే అర్థమైంది. నా ఫోన్ రాసింది, ఆమె ఫోన్ చదివి వినిపించింది. రెండు ఇళ్ళ మధ్య ఒక్క మనిషి కూడా లేడు.

"అంటే ఇది ఇన్నది. నువ్వు ఇనలే."

"ఇనలే చిన్నమ్మా."

"గురువారం పంపింది?"

"అది గూడ."

ఆమె దుప్పటి అంచు సర్దుకుంది. బయట ఎవరో బోరు మోటారు వేశారు, నీళ్ళు డ్రమ్ములో పడుతున్న చప్పుడు.

"సోమవారం పొద్దుగాల్నే తానం చేసి కూసున్న," అన్నది, నాతో కాదు, తనలో తాను లెక్క చూసుకుంటున్నట్టు. "మంచి చీర కట్టుకున్న. షుగర్ కాయితాలు సంచిల వెట్టుకున్న. పొద్దు గూకినదాక గడప మీదనే ఉన్న. తెల్లారి గూడ కూసున్న. ఏం ఫికర్ గాలే నాకు. రాకపోయినా ఏం గాలే. నా మాట ఒకలు ఇన్నరు, ఇన్నోడు ఊకుంటడా, వస్తడు అనుకున్న. జరమొచ్చినప్పుడు గూడ అదే అనుకున్న."

"నన్ను తిట్టు చిన్నమ్మా. కొట్టినా సరే."

"తిడితే ఏమొస్తది." ఆమె కళ్ళలో నీళ్ళు లేవు. అదే నన్ను భయపెట్టింది. "దవాఖానల గూడ, కాలు పోతే పోయింది, ఎజ్రా ఇన్నడు, వానికి తీరలే అని పండుకున్న. ఇయ్యాల నువ్వొచ్చి అది గూడ లేదన్నవ్."

కాలును జబ్బు తీసుకుపోయింది. ఇది మాత్రం నేను నా చేత్తో, పట్టపగలు, స్టూల్ వేసుకుని కూర్చుని తీసుకున్నాను. సాలోమోను గారు చెప్పిన నిమ్మళం ఇదే. మందిరంలో కూర్చుని చెబితే నాకు అర్థం కాలేదు.

ఆమె నా చేతిలో ఫోన్ వైపు చూసి అడిగింది. "ఒకటి చెప్పు. నేను స్తోత్రాలు పక్కకు వెట్టి, ముందుగాల్నే నా కాలు నల్లగైంది, నన్ను దవాఖానకు తోల్కపో అని చెప్పుంటే, నీ ఫోను నీకు చెప్తుండెనా?"

"స్తోత్రాల తప్పేం లేదు చిన్నమ్మా. తప్పు నాది."

"నేనడిగింది అది గాదు. చెప్తుండెనా, లేదా?"

అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. ఏమో చిన్నమ్మా, నాకెట్ల తెలుసు అంటే సరిపోయేది. కానీ ఆ ఇంట్లో అప్పటికే ఒక మాట నాది కాకుండా వచ్చి ఆమెను గడప మీద కూర్చోబెట్టింది.

"చెప్తుండె," అన్నాను.

ఆమె తల ఊపింది. మెల్లగా, రెండుసార్లు.

మా వాళ్ళ ఇళ్ళలో ఎవరైనా వచ్చి లేచి పోయేముందు, ఆ ఇంటి పెద్ద ప్రార్థన చేసి పంపడం అలవాటు. నేను స్టూల్ పక్కకు జరిపి, మంచం దగ్గర నిలబడి, చేతులు కట్టుకుని, తల వంచి కళ్ళు మూసుకున్నాను. ఆమె మొదలుపెట్టాలి. మొదటి మాట ఎప్పుడూ ఒక్కటే, స్తోత్రం. చిన్నప్పటి నుంచి ఆ గొంతుతో నేను వింటున్నదే. బయట డ్రమ్ము నిండి నీళ్ళు పొర్లుతున్నాయి. ఎవరో వచ్చి బోరు బంద్ చేశారు. నేను ఇంకా కళ్ళు మూసుకునే ఉన్నాను. ఎంతసేపటికీ మాట రాకపోతే కళ్ళు తెరిచాను. ఆమె కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. నా వైపే చూస్తోంది, పెదవులు గట్టిగా మూసుకుని.